వాగు దాటని పల్లకి

మా ఇంట్లో నన్ను బడికి పంపింది చదువు కోసం కాదు, వెట్టి కింద. నవ్వకండి. నిజాం కాలంలో పాలమూరు జిల్లాలో మాది గొర్లు కాసి, ఉన్ని వడికి, గొంగళ్లు నేసే ఇల్లు. పెద్ద కొలువు వాళ్లు ఎవరు మా కస్బా ఊళ్లో మకాం వేసినా మా ఇంటి నుంచి ఒక పొట్టేలో, ఒక గొంగడో పోవలసిందే. ఇచ్చేవాళ్లు ఎందుకని అడగరు, పుచ్చుకునేవాళ్లు చెప్పరు. అట్లాంటి రోజుల్లో ఆడపిల్లల కోసం ఒక బడి పెట్టారు. బడి అయితే వచ్చింది గానీ పిల్లలు రాలేదు. దాంతో కచేరి జవాను ఇల్లిల్లూ తిరిగి, ఇంటికొక ఆడపిల్లను పంపాలని చెప్పిపోయాడు. మా బాపు దండెం మీది కొత్త గొంగడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"గొంగడి అడుగుతరనుకున్న. పిల్లను అడిగిన్రు," అన్నాడు.

బాపును కన్నతల్లి మా అవ్వ. ఊరికి తహసీల్దారు ఎవరైనా మా ఇంటికి మాత్రం ఆమే. "గొంగడైతె మల్ల నేసుకోవచ్చు," అని గొణిగింది. కానీ వెట్టి అంటే వెట్టే. మర్నాడు నాకు తలకు నూనె పెట్టి, గట్టిగా జడ వేసి, పొట్టేలును తోలినట్టే బడికి తోలారు.

నాకు మాత్రం బడి బంగారంలా ఉంది. ఇంట్లో ఉంటే ఏముంటుంది? తెల్లారితే గొర్లదొడ్డి ఊడ్వాలి. గొంగడి నూలుకు గంజి పెట్టడానికి నానేసిన చింతగింజలు రోట్లో వేసి రుబ్బాలి. ఆ రుబ్బుడుకు భుజాలు ఊడివస్తాయి. బడిలో అయితే కూర్చోవడమే పని. నా విద్యాభిలాష అంతా అక్కడే మొదలైంది.

బడి ఒక కిరాయి ఇల్లు. వాకిలికి గోనెపట్టా పరదా. మగపురుగు లోపలికి రావడానికి లేదు. పంతులమ్మను ఉస్తానీ అనేవాళ్లం. హైదరాబాద్ నుంచి ఒక్కతే వచ్చింది, ఆ ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. తెల్లగా, సన్నగా, ఎప్పుడూ తమలపాకు నములుతూ ఉండేది. చదువు ఉర్దూలో చెప్పాలి. ఆమెకు తెలుగు రాదు, మాకు ఉర్దూ రాదు. కొంతకాలం ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. చింతగింజల కంటే అదీ నయమే.

ఉస్తానీకి వచ్చిన తెలుగంతా బడికి నీళ్లు మోసే ముసలమ్మ దగ్గర నేర్చుకున్నదే. ఆ ముసలమ్మకు ప్రేమ పుట్టినా కోపం పుట్టినా నోట్లోంచి వచ్చేది ఒకటే మాట, "నీ నోట్ల మన్నువడ." మా చేతుల్లో బెల్లం ముక్క పెడుతూ కూడా అదే అనేది. ఉస్తానీ దాన్ని మర్యాద మాట అనుకుంది. పొద్దున్నే మేము పరదా ఎత్తుకుని వస్తే తియ్యగా నవ్వి, "ఆవో బేటా, నీ నోట్ల మన్నువడ," అనేది. మేము "సలాం ఉస్తానీ" అనేవాళ్లం. అసలు అర్థం చెబుదామని మాలో ఎవరికీ తోచలేదు. ఎందుకు చెప్పాలి? అంత ముద్దుగా మమ్మల్ని ఎవరు తిట్టారు గనక?

ఒకరోజు ఉస్తానీ పెట్టెలోంచి పొడుగాటి గుడ్డ చుట్ట ఒకటి తీసింది. వాళ్ల తాత హజ్‌కు పోయి వస్తూ బొంబాయిలో ఒక చీనా వ్యాపారి దగ్గర తెచ్చాడట. ఈ చివర నుంచి ఆ చివర దాకా బొమ్మ. వసారాలో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తాడు కట్టి, దాని మీద చుట్ట విప్పి ఆరవేసినట్టు వేలాడదీసింది. "ఇది చూడండి, మాట్లాడండి. దూరదేశపు మనుషులు అర్థమవుతారు, నోటికి ఉర్దూ కూడా వస్తుంది," అని ఉర్దూలో చెప్పింది. అందులో సగం నాకు అర్థమైంది. మిగతా వాళ్లకు ఆ సగంలో సగం.

బొమ్మలో ఒక పెళ్లి పల్లకి పోతున్నది. రెండు చివర్లా రెండు ఇళ్లు. కుడివైపు ఇంటి గడపలో ఒక పెద్దామె నిలబడి చేతి గుడ్డతో కళ్లు ఒత్తుకుంటున్నది. నడుమ డప్పులు, జెండాలు, పల్లకి మోసేవాళ్లు, తెర సందులోంచి గుండ్రటి ముఖంతో పెళ్లికూతురు. అందరి నడకా ఎడమవైపే. ఎడమ చివర ఇంకో ఇల్లు, ఎర్ర లాంతర్లు, గడపలో దీపం పట్టుకున్న ఇంకో పెద్దామె.

ముందుగా తేలవలసింది వీళ్లదేం కులమని. కులం తెలియకుండా పెళ్లి సంగతి ఎట్లా మాట్లాడతాం? నేను లేచి, "ఉస్తానీ, ఇన్ కీ జాత్ క్యా?" అని అడిగాను. ఆమె, "చీనీ," అంది. చీనీ అనే మాట మాకు ఒకచోటే తెలుసు, కోమట్ల ఇంట్లో ఊరగాయ పెట్టే చీనీ జాడీ. జాడీలు చేసేవాళ్లంటే ఇంకెవరు, కుమ్మరోళ్లే కదా! తరగతిలో కుమ్మరోళ్ల పిల్ల ఒకతె ఉండేది. అప్పటిదాకా చివరి వరుసలో నోరు మెదపకుండా కూర్చునేది. ఆ క్షణం నుంచి ఆ పెళ్లి వాళ్లింటి పెళ్లి అయిపోయింది. ముందుకు వచ్చి కూర్చుంది. పెళ్లికూతురుకు బొట్టు లేదని మేము వంక పెడితే, "మా దూరపోళ్లల్ల పెట్టుకోరు," అని గదిమింది.

ఉస్తానీ నమాజుకు లోపలికి పోయింది. మేము కథ చదవడం మొదలుపెట్టాం. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఉర్దూ కుడి నుంచి రాస్తారు. కానీ మాకు అలిఫ్, బే కంటే ముందే మాతో చదివే కోమట్ల పిల్ల, వాళ్లింట్లో తాను నేర్చుకున్న తెలుగు అక్షరాలు నేర్పింది. అవి ఎడమ నుంచి. అందుకని బొమ్మను కూడా ఎడమ నుంచే చదివాం. కథ మొదలయ్యే ఇల్లు తల్లిగారిల్లు కాక ఇంకేమవుతుంది? కనుక దీపం పట్టుకుని ఎదురుచూసేది తల్లి. పల్లకి ఆమె దగ్గరికే వస్తున్నది. మరి ఆ చివర ఇంట్లో ఏడ్చేదెవరు? అత్త. కోడలు వెళ్లిపోయింది, రేపటి నుంచి ఎవరు దంచాలి, ఎవరు రుబ్బాలి? అందుకని ఏడుస్తున్నది. ఇంత చక్కటి కథ మేము పుట్టి ఎరగం. డప్పులు పెట్టి మరీ అత్తగారిల్లు వదిలి వస్తున్న పిల్ల! ఒకరిద్దరం చప్పట్లు కూడా కొట్టాం.

ఉస్తానీ తిరిగి వచ్చి, "ఇందులో ఏం జరుగుతున్నది, చెప్పండి," అంది. నేను కూడబలుక్కుని, "దుల్హన్ అప్నే ఘర్ జారీ," అన్నాను. పెళ్లికూతురు తన ఇంటికి పోతున్నది అని. ఉస్తానీ ముఖం వెలిగిపోయింది. "శాబాష్! శాబాష్!" అని నా వీపు నిమిరింది. ఆమె లెక్కలో ఆడపిల్లకు తన ఇల్లంటే మొగుడి ఇల్లు. మా లెక్కలో తన ఇల్లంటే తల్లిగారిల్లు. అట్లా ఒకే ముక్క మీద ఇద్దరికీ పూర్తిగా ఒప్పుదల కుదిరి, బడి వదిలారు.

ఆ సాయంత్రం అవ్వ తకిలి తిప్పుతూ, "ఏం చెప్పిన్రు బడిల?" అని అడిగింది. నేను గొప్పగా చెప్పాను. అవ్వ చేతిలో తకిలి ఆగింది.

"అత్తగారిల్లు ఇడిసి వచ్చిందా? డప్పులతోని?"

"ఔ. పల్లకిల."

"మరి అత్త ఊకున్నదా?"

"ఏడుస్తాంది. పని చేసేటోళ్లు లేరని."

అవ్వ బాపు వైపు తిరిగింది. "ఇన్నవా? గిట్ల చెప్తాన్రట ఆడివిల్లలకు. రేపటి సంది దీన్ని తోలకు."

రోలు, చింతగింజలు కళ్లముందు తిరిగాయి. అంతకంటే ఎక్కువగా ఉస్తానీ నా వీపు మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. ఇంట్లో నన్ను శాబాష్ అన్నవాళ్లు ఎవరూ లేరు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

బాపు తల గోక్కున్నాడు. "మానిపిస్తె కచేరోళ్లు ఊకుంటరానే? మల్ల ఏమడుగుతరో."

"ఇంకో గొంగడి ఇయ్యి. పిల్లను ఇయ్యకు."

"నువ్వే ఓసారి పోయి చూడరాదే? నన్నైతె లోపటికి రానియ్యరు."

అప్పటికే ఊరంతా పాకింది. కుమ్మరోళ్ల పిల్ల అత్తగారింటి నుంచి పారిపోయి వస్తే బడిలో బొమ్మ గీసి చూపిస్తున్నారని బావి కాడ మాట. కుమ్మరోళ్ల పిల్ల తల్లికి తల ఎత్తుకోరాలేదు. మర్నాడు అవ్వ గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని ముందు నడిస్తే, వెనక ఆ తల్లి, ఇంకా కొందరు ఆడవాళ్లు, అందరి వెనక నేను. అవ్వ ఏం తీర్పు చెబితే ఊరికి అదే. అది నాకు బాగా తెలుసు.

ఉస్తానీ ఇంతమందిని చూసి సంబరపడిపోయింది. చేతులు జోడించి, అవ్వకు చాప చూపించి, తనకు వచ్చిన తెలుగంతా కూడగట్టి, "కూకో అమ్మా, నీ నోట్ల మన్నువడ," అంది.

అవ్వ కర్ర నేలకు ఆనించి, ఉస్తానీ ముఖంలోకి చూసింది. ఉస్తానీ ఇంకా నవ్వుతూనే ఉంది. "అవ్వా, నీళ్ల ముసల్ది నేర్పింది! గది దండం పెట్టుడనుకుంటాంది," అని అరిచాను. అవ్వ ముఖం ముందు ముడుచుకుంది, తర్వాత వదులైంది, తర్వాత పొట్ట పట్టుకుని చాప మీద కూలబడింది. ఆమె అంతగా నవ్వగా నేను మళ్లీ చూడలేదు. కళ్లు తుడుచుకుంటూ, "నీ నోట్ల గూడ పడ, బిడ్డా," అని ఉస్తానీని దీవించింది. ఉస్తానీ వినయంగా తల వంచింది.

తర్వాత బొమ్మ తెమ్మంది అవ్వ. బొమ్మ చుట్ట చూడగానే ఆమెకు మా ఊరికి పటం కథ చెప్పడానికి వచ్చేవాళ్లు గుర్తొచ్చినట్టున్నారు. వాళ్ల పటం పైనుంచి కిందికి జారుతుంది. అందుకని చుట్టను నిలువుగా పట్టించింది. ఒక పిల్ల ముక్కాలి పీట ఎక్కి పైకొస పట్టుకుంది. ఇప్పుడు పల్లకి, డప్పులు, జెండాలు అన్నీ ఆకాశంలోకి ఎక్కుతున్నాయి.

"గిదేందే, మీదికి పోతాంది? సచ్చిపోయిందా పిల్ల?" అంది అవ్వ. కుమ్మరోళ్ల తల్లి అప్పుడే గొంతెత్తి ఏడవబోయింది. ఆమెను సముదాయించి, బొమ్మను అడ్డంగా తిప్పి, తాడు మీద వేయడానికి కొంచెం సేపు పట్టింది.

ఉస్తానీ కుడి నుంచి కథ చెప్పింది. నేను తెలుగు చేశాను. ఏడ్చేది తల్లి, దీపం పట్టుకున్నది అత్త, పిల్ల అత్తగారింటికి పోతున్నది. పిల్లలందరం ఒప్పుకోలేదు. ఏడ్చేదే అత్త అన్నాం. గోల పెరిగింది. అవ్వ లేచి, కుడి చివరి గడప దగ్గరికి పోయి, ముఖం ఆనించి ఆ పెద్దామెను చూసింది. చాలాసేపు చూసింది.

"అత్త కాదు," అంది. "అత్త ఏడిస్తె కోడల్ని తిట్టుకుంట ఏడుస్తది. నోరు మూసుకొని ఏడ్చేది తల్లే. నన్ను తోలిననాడు మా అమ్మ గిట్లనే నిలవడ్డది."

మేము నీరుగారిపోయాం. అంత మంచి కథ పోయింది. కుమ్మరోళ్ల తల్లి మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంది. వాళ్ల కులం పరువు నిలబడింది.

అవ్వ బొమ్మ వెంట ఎడమ చివరిదాకా నడిచింది. అక్కడ గుడ్డ అయిపోయింది. వెనక్కి తిప్పి చూసింది. ఏమీ లేదు.

"మల్ల తోల్కచ్చుడేది?" అంది.

పిల్లను మళ్లీ తల్లిగారింటికి తీసుకొచ్చే బొమ్మ ఏదని నేను ఉస్తానీని అడిగాను. బొమ్మ అంతే, అయిపోయింది అంది ఉస్తానీ.

"గిదేం బొమ్మ! తోలుడే ఉన్నది, తోల్కచ్చుడు లేదు. ఆ దేశంల బతుకమ్మకు బిడ్డను తోల్కరారా? ఆ తల్లి గట్ల ఏడ్సుకుంటనే నిలవడాల్నా?" అవ్వ గుడ్డ అయిపోయిన కొసను వేళ్లతో తడిమింది. "మా అమ్మ గట్లనే నిలవడ్డది. ఆ యేడు వాగు వచ్చింది. బతుకమ్మకు నన్ను తోల్కవోతానికి మా అన్న వచ్చి, అవతలి ఒడ్డు మీదికెల్లి పిలిచి పిలిచి పోయిండు. మల్ల యేటికి అమ్మ లేదు."

ఈ సంగతి ఆమె మా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నేను ఉర్దూలో చెప్పబోతే మాటలు చాలలేదు. "అవ్వకీ మా... నదీ... నై ఆయే," అన్నాను. ఉస్తానీకి అది చాలినట్టుంది. అవ్వ పక్కన చాప మీద కూర్చుంది.

"నీ తల్లి యాడున్నది బిడ్డా?" అని అడిగింది అవ్వ.

"హైదరాబాద్."

"నువ్వు పోయి ఎన్నొద్దులాయె?"

ఉస్తానీ నోట్లో తమలపాకు నమలడం మానేసింది. ఇద్దరూ ఆ బొమ్మ వైపే చూస్తూ కూర్చున్నారు.

లేచేటప్పుడు అవ్వ తీర్పు చెప్పింది. "మిగిలిన బొమ్మ మా పిల్ల గీస్తది. పల్లకి తిరిగి తల్లిగారింటికి రావాలె. గంతదాంక బడికి వస్తది. వచ్చినంక బడి బందు." ఆడవాళ్లందరూ తలలూపారు. వాళ్ల పిల్లలకు కూడా అదే గడువు.

దుకాణం నుంచి పొట్లాలు కట్టే కాగితం తెప్పించి, మా ఇంటి చింతగింజల గంజితోనే గుడ్డకు ఎడమ చివర అతికించాం. నేను రుబ్బిన చింతగింజలు నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. బొగ్గు, పసుపు, గోడలకు పూసే ఎర్ర జాజు రంగులకు సరిపోయాయి. సాలెవారి పిల్ల నీలిమందు తెచ్చింది. ఇంక చూడండి నా ఉపాయం. పల్లకి ఇల్లు చేరితే బడి బందు. అందుకని నేను అన్నిటికంటే ముందు గీసింది వాగు. నిండుగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, సుడులతో సహా గీశాను. పల్లకిని ఇవతలి ఒడ్డున దింపించాను.

"అయిందా బొమ్మ?" అని అవ్వ అప్పుడప్పుడు అడిగేది.

"వాగు కాడికి వచ్చింది."

వాగు కాడ ఎన్ని పనులు! పల్లకి మోసే బోయీలు బువ్వ తినాలి. బువ్వ వండాలంటే రాళ్లు, కట్టెలు, కుండ కావాలి. కుండ కుమ్మరోళ్ల పిల్ల గీసింది, దాంతో పాటు పెళ్లికూతురుకు ఇంత బొట్టూ పెట్టింది, దూరపువాళ్ల మర్యాద ఏమైందో మరి. నీళ్లు తాగడానికి మా గొర్లమంద వచ్చింది. గొర్రె గొర్రెకూ ఉన్ని గీయాలంటే మాటలా? కోమట్ల పిల్ల ఒక దుకాణం పెట్టింది, వాగు ఒడ్డున ఎవరు కొంటారని అడిగితే అలిగింది. సాలెవారి పిల్ల అందరి కొంగులకూ అంచులు వేసింది. ఉస్తానీ చాలా రోజులు చూసి చూసి, ఒకనాడు కుంచె తీసుకుని అవతలి ఒడ్డున ఒక ముసలామెను గీసింది, ఒళ్లో తమలపాకుల పాన్‌దాన్‌తో. ఎవరని మేము అడగలేదు. ఇవన్నీ మాట్లాడుకోవాలి కదా, ఆ మాటల్లో మాకు ఉర్దూ వచ్చింది, ఆమెకు తెలుగు వచ్చింది. నోట్లో మన్నంటే ఏమిటో ఆమెకు తెలిసిన రోజు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కానీ మర్నాడు పొద్దున మళ్లీ అదే అంది. మేమే అనమన్నాం.

రెండు బతుకమ్మలు వచ్చి పోయాయి. పల్లకి ఒడ్డునే ఉంది.

మూడో ఏడు ఎండలకు ముందు నన్ను అడగడానికి పక్క తాలూకా నుంచి మనుషులు వచ్చారు. పెద్ద మంద ఉన్న ఇల్లు. బాపు ముఖం వికసించింది. కల్లు తెప్పించాడు, కొత్త గొంగడి పరిచాడు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. చేతులకింకా నీలిరంగు ఉంది. కల్లు అయింది, గొర్ల ముచ్చట అయింది, వానల ముచ్చట అయింది. "ఇంగ పిల్ల సంగతి చెప్పున్రి," అన్నాడు వాళ్లలో పెద్దమనిషి. బాపు అవ్వ వైపు చూశాడు.

అవ్వ తకిలి తిప్పుతూనే ఉంది.

"పిల్లకు బడిల పని ఉన్నది," అంది. "పల్లకి ఇంక వాగు దాటలె."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఏ వాగు అవ్వా? ఎండకాలం వస్తాంది, వాగులన్ని ఎండే ఉన్నయి గద."

"చీనోళ్ల వాగు," అంది అవ్వ. "నీళ్లు జర ఎక్కువున్నయి. ఎండినంక కబురంపుతం."

వాళ్లు కల్లు తాగినందుకు సిగ్గుపడి, మర్యాదగా లేచి పోయారు. బాపు గొంగడి దులిపి మడతపెట్టి, దొడ్డిలోకి నడిచాడు. నేను తలుపు వెనక నుంచి వచ్చి అవ్వ కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఈ ముసల్దానికి అంతా మొదటి నుంచీ తెలుసు. ఆమె మోకాలి మీద తల పెట్టాను.

"నా పల్లకి ఎట్లనూ దాటలె," అంది అవ్వ, నూలు వైపే చూస్తూ. "గిది గూడ జర ఆగనియ్. నువ్వు గన్క ఆ వాగుల నీళ్లు తగ్గించినవంటె కాళ్లు ఇరగ్గొడ్త."

మర్నాడు నేను బడికి పోయి ఆ వాగుకు ఇంకో పాయ గీశాను.